బిల్ ట్రావర్స్ నటుడా, నిర్మాతా, వన్యప్రాణుల చిత్రాలు తీసేవారా?

మీరు అడిగిన వాటిలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. లండన్‌లో పెరిగి ఆఫ్రికా చేరిన సింహం తనను పెంచిన ఇద్దరు యువకుల భుజాల మీద కాళ్లు వేసి హత్తుకునే వీడియో చూశాక, ఆ దృశ్యం వెనుక ఉన్నది బిల్ ట్రావర్స్ అనే బ్రిటిష్ నటుడని మీకు తెలిసింది. ఆయన వేషాలు దొరక్క అడవిబాట పట్టారని ఎక్కడో చదివి, అది నిజమేనా అని అడిగారు. ఇది మొదటి ప్రశ్న. టీవీ సీరియళ్లలో నటిస్తున్న మీరు నటన వదలకుండానే నిర్మాణంలోకి, అక్కడి నుంచి ప్రకృతి చిత్రాల్లోకి రావచ్చా అన్నది రెండోది. నా ఉద్యోగమంతా డాక్యుమెంటరీల ఎడిటింగ్ గదుల్లోనే గడిచింది కాబట్టి, నటన గురించి కంటే చిత్రం ఎలా తయారవుతుందన్న దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

వేషాలు దొరక్క వెళ్లారన్న మాట సరైనది కాదు. సింహాల సినిమా 'బోర్న్ ఫ్రీ' 1966లో విడుదలై ప్రపంచమంతా ఆడింది. అదే ఏడాది ఆయన జేమ్స్ గార్నర్, సిడ్నీ పోయిటియర్‌లతో కలిసి నటించిన హాలీవుడ్ వెస్టర్న్ కూడా వచ్చింది. అంటే కెరీర్‌లో పైకి లేచిన సమయంలోనే ఆయన దారి మార్చుకున్నారు. ఆ మార్పును చాలామంది నటుడు వన్యప్రాణి ప్రేమికుడిగా మారిన కథగా చెబుతారు. నా లెక్కలో అసలు మలుపు నిర్మాత కావడమే. తెర మీద తాను చెప్పిన కథకూ, తెర వెనుక ఆ జంతువులకు జరిగినదానికీ పొంతన లేదని తెలిసినప్పుడు, నటుడిగా ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. కెమెరా ఎటు తిప్పాలో, ఏది ఉంచాలో, ఏది చెప్పాలో నిర్ణయించే అధికారం నటుడికి ఉండదు, నిర్మాతకు ఉంటుంది.

ముందు జీవితం గురించి క్లుప్తంగా చెబుతాను. ట్రావర్స్ 1922లో ఉత్తర ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టారు. అక్క లిండెన్ ట్రావర్స్ అప్పటికే పేరున్న నటి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలలకే సైన్యంలో చేరిన ఆయనను భారతదేశానికి పంపారు. గూర్ఖా రెజిమెంట్‌లో అధికారిగా బర్మాలోనూ, మలయాలో శత్రు రేఖల వెనుకా పనిచేశారు. యుద్ధం ముగిశాక రంగస్థలం మీదికి, తర్వాత సినిమాల్లోకి వచ్చారు. ఆరడుగులు బాగా దాటిన ఎత్తు, విశాలమైన భుజాలు ఉన్న ఆ మనిషికి, స్కాట్లాండ్ పల్లె నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లే హామర్ త్రో క్రీడాకారుడి పాత్ర 1955లో 'జార్డీ' చిత్రంలో దొరికింది. దానితో హాలీవుడ్ పిలిచింది. 1956లో వచ్చిన 'భవానీ జంక్షన్'లో ఆయనది ఆంగ్లో-ఇండియన్ రైల్వే ఉద్యోగి పాత్ర. స్వాతంత్ర్యం వచ్చే నాటి భారతదేశపు కథ అయినా చిత్రీకరణ లాహోర్‌లో జరిగింది. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే కాలనీల వాతావరణం ఎరిగినవారికి ఆ పాత్రలోని ఊగిసలాట, అంటే ఇక్కడివాడిగా ఉండలేక, అక్కడివాడిగా చెల్లక పడే అవస్థ బాగానే అర్థమవుతుంది. మరుసటి ఏడాది కవి రాబర్ట్ బ్రౌనింగ్‌గా ఇంకో పెద్ద చిత్రం చేశారు. అయితే హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. ఆశించినంత పెద్ద తార కాలేదు.

1957లోనే ఆయన వర్జీనియా మెకెన్నాను పెళ్లి చేసుకున్నారు. 'ఎ టౌన్ లైక్ ఆలిస్'కు బ్రిటిష్ అకాడమీ ఉత్తమ నటి పురస్కారం అందుకున్న ఆమెకు అప్పటికి ఆయన కంటే పేరెక్కువ. తర్వాతి కథలో ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఆమె సగం భాగస్వామి, ఆ సంగతి నేను ప్రతిసారీ గుర్తు చేయకపోయినా మీరు గుర్తుంచుకోండి. 1961లో ట్రావర్స్ 'గోర్గో' అనే సముద్ర రాక్షస చిత్రంలో నటించారు. అందులో ఆయన పాత్ర ఒక రాక్షసిపిల్లను పట్టి లండన్ సర్కస్‌కు అమ్ముతుంది, తల్లి దాన్ని వెతుక్కుంటూ వచ్చి నగరాన్ని ధ్వంసం చేస్తుంది. ఇది చవకబారు వినోదమే, అయినా ఆయన తర్వాతి జీవితం తెలిసిన తర్వాత చూస్తే వింతగా అనిపిస్తుంది.

ఇక 'బోర్న్ ఫ్రీ'. కెన్యాలో వన్యప్రాణి వార్డెన్‌గా పనిచేసిన జార్జ్ ఆడమ్సన్, ఆయన భార్య జాయ్ కలిసి ఎల్సా అనే ఆడ సింహాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచి, దానికి వేట నేర్పి, అడవిలో వదిలిన నిజ సంఘటన ఆ చిత్రానికి ఆధారం. ట్రావర్స్, మెకెన్నా ఆ దంపతుల పాత్రలు పోషించారు. దర్శకుడు జేమ్స్ హిల్. జాన్ బారీ సంగీతానికి రెండు ఆస్కార్లు వచ్చాయి. జంతువులతో తీసే చిత్రాలకు అప్పటి పద్ధతి ఏమిటంటే, శిక్షణ పొందిన సర్కస్ జంతువులను తెచ్చి, ప్రమాదకరమైన షాట్లలో నటుల స్థానంలో శిక్షకులను నిలబెట్టి, దగ్గరి షాట్లను విడిగా తీసి కలపడం. ఇక్కడ కూడా మొదట్లో సర్కస్ సింహాలను తెప్పించారు. కానీ కథ మొత్తం మనిషికీ సింహానికీ మధ్య ఉన్న నమ్మకం మీద నడుస్తుంది, అది ఒకే ఫ్రేములో ఇద్దరూ కనిపిస్తే తప్ప ప్రేక్షకుడికి అందదు. అందుకని సాంకేతిక సలహాదారుగా ఉన్న జార్జ్ ఆడమ్సన్ పద్ధతినే నటులు కూడా అనుసరించారు. కొరడా లేదు, కుర్చీ లేదు. సింహాలతో రోజూ నడవాలి, వాటికి అలవాటు పడాలి, అవి తమకు అలవాటు పడేదాకా ఆగాలి. ఈ క్రమంలో బాయ్ అనే కుర్ర సింహం ఆటగా మీదికి దూకినప్పుడు మెకెన్నా చీలమండ విరిగింది. కోలుకున్నాక ఆమె మళ్లీ అదే సింహాలతో నటించారు.

వృత్తిపరంగా ట్రావర్స్ ఇక్కడ నేర్చుకున్నది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. మామూలు సన్నివేశంలో నటుడు ముందే వేసుకున్న గుర్తు దగ్గర నిలబడతాడు, ఎదుటివారి డైలాగ్ పూర్తికాగానే తనది అందుకుంటాడు, బాగా రాకపోతే ఇంకో టేక్ చేస్తాడు. సింహానికి గుర్తులు పట్టవు, రెండో టేక్ మీద ఆసక్తి ఉండదు. అది ఏం చేస్తే దానికి తగ్గట్టు నటుడు అప్పటికప్పుడు స్పందించాలి, అదీ భయం ముఖంలో కనిపించనీయకుండా, చేతులు గబుక్కున కదపకుండా. అంటే సన్నివేశాన్ని నడిపేది జంతువు, అనుసరించేది మనిషి. ఆ చిత్రం మళ్లీ చూసే అవకాశం ఉంటే ట్రావర్స్ చేతులను గమనించండి. ఆయన సింహాన్ని తనంతట తాను తాకడం కంటే, అది వచ్చి రాసుకున్నప్పుడు చేతిని అక్కడ ఉంచడమే ఎక్కువ. వన్యప్రాణుల చిత్రాలు తీసేవారికి మొదట కావాల్సిన గుణం అదే. చాలామంది కెమెరామెన్‌కు అది ఏళ్లు గడిస్తే గానీ రాదు, ఆయనకు నటన ద్వారా వచ్చింది.

చిత్రం పూర్తయ్యాక అసలు సమస్య మొదలైంది. సింహాన్ని స్వేచ్ఛగా వదిలిన కథను తెర మీద చెప్పిన సింహాల్లో ఎక్కువ వాటిని జంతుప్రదర్శనశాలలకు పంపేశారు. బాయ్, గర్ల్, ఉగాస్ అనే మూడింటిని మాత్రం ఆడమ్సన్‌కు అప్పగించారు. ఆయన వాటిని మేరు ప్రాంతంలో మళ్లీ అడవి జీవితానికి అలవాటు చేశారు. ట్రావర్స్, జేమ్స్ హిల్ కలిసి కెన్యాకు తిరిగి వెళ్లి ఆ మూడు సింహాల సంగతిని 'ద లయన్స్ ఆర్ ఫ్రీ' పేరుతో 1967లో డాక్యుమెంటరీగా తీశారు. విడుదల కాని సింహాలు ఎక్కడికి చేరాయో కూడా అందులో దాచలేదు. పెద్ద స్టూడియో ఎవరూ తమ హిట్ చిత్రానికి ఇలాంటి అనుబంధాన్ని కోరుకోరు. అందుకే ఆ పనికి సొంత నిర్మాణం అవసరమైంది, చూపించడానికి టెలివిజన్ అవసరమైంది. థియేటర్‌లో ఒక డాక్యుమెంటరీ ఆడాలంటే హాళ్లు దొరకాలి, టికెట్లు తెగాలి, పోస్టర్లకు ఖర్చు పెట్టాలి. టీవీలో ఒక రాత్రి ప్రసారమైతే చాలు, ఇంటింటికీ చేరుతుంది.

అదే కాలంలో ఇంకొందరు నటులు కూడా జంతువుల వైపు వచ్చారు, వారితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికాలో ఇవాన్ టోర్స్ నిర్మించిన 'డక్టారీ' సీరియల్ 1966 నుంచి 1969 దాకా సాగింది. అందులో మార్షల్ థాంప్సన్ ఆఫ్రికా పశువైద్యుడిగా నటించాడు, కానీ ఆ ఆఫ్రికా ఎక్కువగా కాలిఫోర్నియాలోని జంతు శిక్షణ క్షేత్రంలోనే ఉండేది. 'బొనాంజా' తండ్రి పాత్రతో ఇంటింటికీ తెలిసిన లోర్న్ గ్రీన్ తర్వాతి కాలంలో తన పేరు మీదే వన్యప్రాణుల సీరియళ్లకు వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. గంభీరమైన ఆ గొంతే ఆ కార్యక్రమాలకు సగం బలం. ఈ ఇద్దరి పనినీ నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒకరు జంతువుల కథలో నటించారు, మరొకరు జంతువుల చిత్రాలకు ముందు నిలబడ్డారు. ట్రావర్స్ మాత్రం తాను నటించిన కథకు లెక్క చెప్పడానికి కెమెరా పట్టారు. 'బోర్న్ ఫ్రీ'ని 1974లో అమెరికా ఛానల్ ఎన్.బి.సి. టీవీ సీరియల్‌గా మార్చినప్పుడు ఆ పాత్రల్లో వేరే నటులు కనిపించారు. ట్రావర్స్ దంపతుల ప్రమేయం లేని ఆ సీరియల్ 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది.

1969లో వచ్చిన 'రింగ్ ఆఫ్ బ్రైట్ వాటర్'లో ఆయన నటించడంతో పాటు దర్శకుడు జాక్ కౌఫర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే కూడా రాశారు. లండన్ ఉద్యోగి ఒకాయన నీటికుక్కను (ఆటర్‌ను) కొనుక్కుని స్కాట్లాండ్ తీరానికి వెళ్లిపోయే కథ అది. కౌఫర్ స్వతహాగా ప్రకృతి ఛాయాగ్రాహకుడు కావడంతో, నీటికుక్క కనిపించే ప్రతి షాట్‌లోనూ కెమెరా దాని ఎత్తుకే దిగుతుంది. చిన్నపిల్లలకు చూపించే ముందు ఒకసారి మీరే చూడండి, ముగింపు వారిని ఏడిపిస్తుంది.

ఆ తర్వాత తీసిన ఏనుగుల చిత్రం 'యాన్ ఎలిఫెంట్ కాల్డ్ స్లోలీ'. దర్శకుడు హిల్, రచన ఆయనదీ ట్రావర్స్‌దీ, నిర్మాణంలోనూ ట్రావర్స్ ఉన్నారు. సరదాగా, పెద్దగా కథ లేకుండా సాగే ఆ చిత్రంలో ఒక గున్న ఏనుగు ఉంది. దాని పేరు పోలే పోలే, స్వాహిలీ భాషలో నెమ్మదిగా అని అర్థం. లండన్ జూకు కెన్యా ప్రభుత్వం ఇవ్వబోయే కానుకగా దాన్ని అడవి నుంచి పట్టి తెచ్చారు. చిత్రీకరణ అయ్యాక దాన్ని కొని అడవికి పంపుతామని ట్రావర్స్ దంపతులు అడిగారు. అలాగైతే దీని బదులు మరో గున్నను పట్టి పంపుతామని జవాబు వచ్చింది. ఇంకో గున్నను తల్లి నుంచి వేరుచేయడానికి తాము కారణం కాకూడదని వారు వెనక్కి తగ్గారు. పోలే పోలే లండన్ వెళ్లింది. ఏళ్ల తర్వాత దాని స్థితి బాగా లేదని తెలిసి వారు చూడటానికి వెళ్లినప్పుడు అది వారి గొంతు గుర్తుపట్టి తొండం చాచింది. దాన్ని వేరే చోటికి తరలించాలని ఉద్యమం నడిచింది. ఆ తరలింపు ఏర్పాట్ల సమయంలోనే అది కూలబడింది, 1983లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, చనిపోయింది. ఏనుగు మామూలుగా అరవై ఏళ్లు బతుకుతుంది. మరుసటి ఏడాది ట్రావర్స్, మెకెన్నా, వారి పెద్ద కొడుకు విల్ కలిసి జూలలోని జంతువుల పరిస్థితిని పరిశీలించే 'జూ చెక్' అనే సంస్థ మొదలుపెట్టారు. అదే తర్వాత బోర్న్ ఫ్రీ ఫౌండేషన్‌గా మారింది.

సినిమా అన్నది జంతువు నుంచి ఏదో ఒకటి తీసుకుంటుంది. ఆ తీసుకున్నదాన్ని లెక్కపెట్టుకున్న సినిమావాళ్లు చాలా తక్కువ. ఈ లెక్కలో చేదు అంకెలు కూడా ఉన్నాయి. 'బోర్న్ ఫ్రీ'లో కనిపించిన బాయ్ అనే సింహం 1971లో ఆడమ్సన్ శిబిరంలో పనిచేసే మనిషిని చంపింది. ఆడమ్సన్ దాన్ని తన చేతులతోనే కాల్చి చంపాల్సి వచ్చింది. మచ్చిక చేసిన సింహాలను తిరిగి అడవిలో వదలడం సరైన పనేనా అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ విమర్శలో బలముందనే నేను అనుకుంటాను. మనిషంటే భయం పోయిన సింహం, మనుషులు తిరిగే చోట ఎప్పటికైనా ప్రమాదమే.

మీరు చూసిన వీడియోకు వస్తాను. ఆ సింహం పేరు క్రిస్టియన్. 1969లో జాన్ రెండాల్, ఏస్ బోర్క్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు లండన్‌లోని హ్యారడ్స్ దుకాణంలో దాన్ని పిల్లగా కొన్నారు. అప్పట్లో డబ్బుంటే సింహాన్ని కూడా బజారులో కొనుక్కోవచ్చు, అలాంటి జంతువులను ఇళ్లలో పెంచడానికి లైసెన్సు తప్పనిసరి చేసిన బ్రిటిష్ చట్టం 1976లో గానీ రాలేదు. చెల్సీలోని ఒక ఫర్నిచర్ దుకాణం అడుగు అంతస్తులో దాన్ని పెంచేవారు. ట్రావర్స్ బల్ల కొనడానికి ఆ దుకాణానికి వెళ్లి సింహాన్ని చూశారు. అక్కడి నుంచి ఆయన నిర్మాత బుద్ధి పనిచేసింది. ఆడమ్సన్‌ను ఒప్పించడం, కెన్యా అనుమతులు వచ్చేదాకా సింహాన్ని సర్రేలోని తమ ఇంటి ఆవరణలో ఉంచడం, విమాన ప్రయాణం, కెన్యాలోని కోరా ప్రాంతంలో శిబిరం, వీటన్నింటికీ కావాల్సిన డబ్బును ఆ ప్రయాణం మీద తీసే డాక్యుమెంటరీ ద్వారానే సమకూర్చారు. సింహాన్ని అడవికి పంపడానికి సినిమా తీశారా, సినిమా కోసం సింహాన్ని పంపారా అని ఎవరైనా ఎత్తిపొడవవచ్చు. నిర్మాతగా చూస్తే ఆ రెండూ ఒకే బడ్జెట్‌లో రెండు పద్దులు.

1971లో ఆ ఇద్దరూ కోరాకు వెళ్లినప్పుడు, క్రిస్టియన్ గుర్తుపట్టకపోవచ్చని వారిని ముందే హెచ్చరించారు. రాళ్ల గుట్ట మీద సింహం కనిపిస్తుంది. కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. సింహం రెండడుగులు వేసి ఆగుతుంది, చూస్తుంది, మళ్లీ నెమ్మదిగా దిగుతుంది, ఒక్కసారిగా పరుగందుకుంటుంది, వెనుక కాళ్ల మీద లేచి ఒకరి మెడ చుట్టూ, తర్వాత ఇంకొకరి మెడ చుట్టూ ముందుకాళ్లు వేస్తుంది. ఎడిటర్‌గా నన్ను పట్టి ఉంచేది ఆ కౌగిలి కాదు, దానికి ముందు ఆగి చూసే ఆ కొద్ది క్షణాలు. కంగారుపడే ఎడిటర్ దాన్ని కత్తిరించి పరుగు దగ్గరికి వెళ్లిపోతాడు. అలా చేస్తే అది పెంపుడు కుక్క యజమాని దగ్గరికి పరుగెత్తినట్టే ఉంటుంది. ఆ ఆగడం ఉన్నందువల్లే ఇది ఏం చేస్తుందో తెలియని అడవి జంతువన్న ఎరుక ప్రేక్షకుడిలో నిలుస్తుంది. ఇంకొక్క సంగతి: అప్పటి టీవీ డాక్యుమెంటరీలు ఎక్కువగా 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీసేవారు, 400 అడుగుల రీలు 11 నిమిషాలకు కాస్త పైన మాత్రమే నడుస్తుంది. సింహం ఎప్పుడు దిగుతుందో తెలియనప్పుడు కెమెరా ఎప్పుడు నొక్కాలన్నది జూదమే. ఇప్పటిలా గంటల తరబడి రికార్డ్ చేసి తర్వాత ఏరుకునే వీలు లేదు. ఆ క్లిప్‌కు ఎవరో పాప్ పాట జోడించి ఇంటర్నెట్‌లో పెడితే 2008లో కోట్లమంది చూశారు. ట్రావర్స్ 1994 మార్చిలోనే చనిపోయారు.

ఆయన పని అంతా ఆఫ్రికాలోనే జరగలేదు. హిల్‌తో కలిసి లండన్ బకింగ్‌హామ్ రాజభవనం తోటలో ఏడాది పొడవునా కనిపించే పక్షులు, పురుగులు, మొక్కల మీద తీసిన 'ద క్వీన్స్ గార్డెన్' నాకు ఆయన చిత్రాలన్నింటిలోకీ బాగా నచ్చే ఆలోచన. దూరదేశం, పెద్ద జంతువు, ప్రమాదం, ఈ మూడూ లేకుండా గోడ లోపలి తోటతో కూడా సినిమా అవుతుందన్న నమ్మకం అందులో ఉంది. చివరి మూడేళ్లలో ఆయన యూరప్‌లోని అధ్వాన్నమైన జూలన్నీ తిరిగి, బోనులో అటూ ఇటూ ఆగకుండా తిరిగే పులులను, తల ఊపుతూ నిలబడే ఏనుగులను, ఊచలు నాకుతూ ఉండే జంతువులను వీడియో తీశారు. ఈ ప్రవర్తనకు 1992లో ఆయన 'జూకోసిస్' అనే పేరు పెట్టారు. ఆ దృశ్యాలతో వచ్చిన టీవీ డాక్యుమెంటరీలో అందం ఏమీ ఉండదు, సంగీతం సాయం పట్టదు. నటుడిగా మొదలైనవాడు చివరికి అలాంటి చిత్రం దగ్గరికి చేరడం నాకు సహజంగానే తోస్తుంది. ఆయన స్థాపించిన సంస్థ కాపాడిన పులుల్లో కొన్నింటికి మనకు దగ్గర్లోని బెంగళూరు బన్నేరుఘట్టలో ఆశ్రయం దొరికింది. సర్కస్‌లలో సింహాలను, పులులను ఆడించడాన్ని మన దేశం నిషేధించాక విశాఖపట్నం, తిరుపతి జూలకు అనుబంధంగా ఏర్పడిన సంరక్షణ కేంద్రాలకు కూడా సర్కస్ జంతువులే వచ్చాయి. ఇలాంటి జంతువుల వృద్ధాప్యం మీద మన భాషలో ఒక మంచి చిత్రం రావాల్సి ఉందని నాకు ఎప్పటి నుంచో అనిపిస్తుంది.

ఇక మీ సంగతి. నటన వదలనక్కర్లేదు. ట్రావర్స్ కూడా వదల్లేదు, డాక్యుమెంటరీలు తీస్తూనే మధ్యమధ్యలో నటించారు. మీకు ఇప్పటికే ఉన్న ఆస్తి గొంతు. తెలుగు వన్యప్రాణి చిత్రాల్లో వ్యాఖ్యానం తరచుగా చెడిపోవడానికి కారణం, దృశ్యం చెబుతున్నదాన్నే మాటలతో మళ్లీ చెప్పడం. సీరియల్ డబ్బింగ్ అలవాటున్న నటుడికి, ఎక్కడ మాట ఆపాలో తెలిస్తే, ఈ రంగంలో మొదటి రోజు నుంచే పని ఉంటుంది. వ్యాఖ్యాతగా ఒకటి రెండు చిత్రాలు చేసి, ఆ ఎడిటింగ్ గదిలో కూర్చుని చూసి, అప్పుడు నిర్మాణం గురించి ఆలోచించండి. రోజుకు ఒక ఎపిసోడ్ అందించాల్సిన సీరియల్ లెక్కలు ఇక్కడ పనికిరావు. యూనిట్‌లో ముగ్గురు నలుగురికి మించకూడదు, రోజులు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు పడతాయి.

'బోర్న్ ఫ్రీ' లాంటి చిత్రం మాత్రం ఇక్కడ సాధ్యం కాదు, కాకూడదు కూడా. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఎద్దు వంటి వాటిని ప్రదర్శన జంతువులుగా వాడటం మన దేశంలో నిషేధం. మిగతా జంతువులను సినిమాలో చూపించాలన్నా జంతు సంక్షేమ మండలి ముందస్తు అనుమతి కావాలి. నల్లమల, కొల్లేరు, పులికాట్ వంటి అభయారణ్యాల్లో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి నుంచి అనుమతి తీసుకోవాలి. 2022 సవరణ తర్వాత ఆ చట్టంలో ఆవాసాన్ని మార్చకుండా, హాని కలగకుండా చేసే చిత్రీకరణ అని స్పష్టంగా రాశారు. దరఖాస్తులో స్క్రిప్టు, యూనిట్ సభ్యుల పేర్లు, తేదీలు, పరికరాల జాబితా ముందే ఇవ్వాలి. డ్రోన్ గురించి విడిగా అడగండి, అడగకుండా ఎగరేస్తే మొత్తం అనుమతికే ముప్పు.

నన్నడిగితే మొదటి చిత్రానికి అభయారణ్యం జోలికే వెళ్లకండి. హిందూపురానికి అవతల, చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఊరి మధ్య చెట్ల మీద పెద్ద కొంగలు ఏటా వచ్చి గూళ్లు కడతాయి. వార్తల్లో వాటిని సైబీరియా కొంగలని రాస్తుంటారు, నిజానికి అవి మన దేశంలోనే ఉండే పెయింటెడ్ స్టార్క్‌లు. ఊరివారు వాటిని తమ ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, ఇంటి వాకిలి నుంచే గూడు కనిపిస్తుంది, కెమెరాతో దాక్కోవాల్సిన పని లేదు. మనుషులూ పక్షులూ ఒకే ఫ్రేములో సహజంగా ఉంటారు, మీరు వ్యాఖ్యాతగా అరుగు మీద కూర్చుని మాట్లాడవచ్చు. పంచాయతీతోనూ, అటవీ శాఖ స్థానిక సిబ్బందితోనూ ముందే మాట్లాడి, గూళ్లలో పిల్లలు ఉన్న నెలల్లో వెళ్లండి. చెట్ల కింద లైట్లు పెట్టకండి, ఫ్లాష్ వాడకండి, ఎండ తీవ్రంగా ఉన్న వేళ తల్లి పక్షి రెక్కలు చాచి పిల్లలకు నీడ పడుతుంటుంది, దాన్ని గూడు నుంచి లేపేలా దగ్గరికి వెళ్లకండి. రష్ ఫుటేజ్ (ఇంకా ఎడిట్ చేయని దృశ్యాలు) సిద్ధమయ్యాక ఇక్కడే రాయండి, ఎడిటింగ్ క్రమం గురించి అప్పుడు వివరంగా మాట్లాడదాం.